మూడో రేకుకే రంగులు కలిసిపోతున్నాయి, బ్రష్ అంచు చీలుతోంది: డబుల్ లోడింగ్ సందేహం

తీగమల్లి
చెక్క పళ్ళెం మీద డబుల్ లోడింగ్‌తో, అంటే ఒకే బ్రష్‌కి ఒకేసారి రెండు రంగులు ఎక్కించి, గులాబీలు వేస్తున్నాను. సీసాల్లో వచ్చే పలచని క్రాఫ్ట్ అక్రిలిక్ రంగులు, ముప్పావు అంగుళం సింథటిక్ ఫ్లాట్ బ్రష్. ఒక మూలకి ముదురు ఎరుపు, రెండో మూలకి తెలుపు. మొదటి రెండు రేకులు చక్కగా వస్తున్నాయి, బయట తెల్ల అంచు, లోపలికి పోయేకొద్దీ ఎరుపు. మూడో రేకు నుంచి అంతా ఒకటే గులాబీ రంగు. నాలుగో రేకుకి బ్రష్ మధ్యలో చీలి రెండు గీతలు పడుతున్నాయి. ప్రతి రెండు రేకులకీ బ్రష్ కడిగి మళ్లీ రంగు ఎక్కిస్తున్నాను. ఫ్లోటింగ్ మీడియం వాడాలా? చిక్కటి ట్యూబ్ రంగులకి మారాలా? లేక బ్రష్షే పోయిందా?

అంచుగీత
మొదటి రెండూ బాగా వచ్చి ఆ తర్వాత చెడుతున్నాయంటే లోపం మీ చేతిలో లేదండీ, బ్రష్‌లో నీళ్లున్నాయి. కడిగినప్పుడు వెంట్రుకల మొదట్లో, లోహపు తొడుగు అంటే ఫెర్రూల్ దగ్గర నీరు నిలబడిపోతుంది. పైపైన టిష్యూతో తుడిస్తే కొసలు ఆరతాయి, లోపలి నీరు అక్కడే ఉంటుంది. మీరు బ్రష్‌ని నొక్కి రేకు తిప్పే కొద్దీ అది కిందికి దిగుతుంది. రెండు రంగుల మధ్య గోడ కూలేది అప్పుడే.

కాబట్టి ఒక పువ్వు మధ్యలో బ్రష్ కడగొద్దు. అవే రెండు రంగులు వాడుతున్నంత సేపూ రంగు మీద రంగు ఎక్కించుకుంటూ పోవడమే. కడగక తప్పకపోతే, కడిగాక ఫెర్రూల్ మొదట్లోనే టిష్యూ చుట్టి వేళ్లతో గట్టిగా పిండి కొసల వైపు లాగండి. వెంట్రుకల మీద తడి మెరుపు కనిపించకూడదు, తాకితే చల్లగా మాత్రం ఉండాలి.

రంగు ఎక్కించే పద్ధతి ఇది. ప్యాలెట్ మీద రెండు రంగులూ విడివిడిగా, ఒక్కోటీ పెద్ద నాణెం అంత పోసుకోండి. బ్రష్‌ని నిలువుగా పట్టుకుని ఒక మూలని ఎరుపు అంచులో ఒత్తండి, కుప్ప నడుమ ముంచొద్దు. అలాగే రెండో మూల తెలుపులో. ఇప్పుడు ఖాళీ చోట సుమారు 5 సెంటీమీటర్ల పట్టీ మీద ముందుకీ వెనక్కీ, వెంట్రుకలు బాగా వంగేంత గట్టిగా నొక్కి లాగండి. మెత్తగా లాగితే రంగు కొసల మీదే ఉండిపోతుంది, లోపలికి ఎక్కదు. మళ్లీ మూలలు ముంచి మళ్లీ అదే పట్టీ. మూడు నాలుగు సార్లకి వెంట్రుకల పొడవులో మూడింట రెండొంతుల దాకా రంగు ఎక్కుతుంది. అక్కడితో ఆపాలి, ఫెర్రూల్‌కి రంగు తగలకూడదు.

చాలామంది పప్పులో కాలేసేది బ్రష్ తిరగేసేటప్పుడు. రెండో ముఖానికి కూడా రంగు పట్టాలి కదా అని తిరగేస్తే ఎడమ చేతి వైపున్న తెలుపు కుడికి వస్తుంది. అదే పట్టీ మీద గీస్తే తెలుపు పోయి ఎరుపు మీద పడుతుంది. తిరగేసినప్పుడు బ్రష్‌ని పక్కకి జరిపి, తెల్ల అంచు పాత తెల్ల గీత మీదే ఆనేలా చూసుకోండి. అప్పుడు పట్టీ మధ్యలో ఒక తెల్ల గీత, రెండు పక్కలా ఎరుపు కనిపిస్తాయి. అలా కనిపిస్తోందంటే సరిగ్గా చేస్తున్నట్టే.

వర్ణిక
అంచుగీత గారి మాటకి ఒక చేర్పు. పట్టీ మీద ఎక్కువసేపు రుద్దినా బురదే. తొలిసారి బ్రష్ నింపడానికి నాలుగైదు ముంపులు కావాలి. ఆ తర్వాత రేకు రేకుకీ మధ్య ఒక్కసారి మూలలు ముంచి, రెండు లాగులు లాగితే చాలు. పట్టీ ఆరి అంటుకుంటుంటే దాన్ని వదిలేసి పక్కన కొత్తది మొదలుపెట్టండి. సగం ఆరిన రంగు పొరలు బ్రష్‌లోకి వస్తే రేకు మీద పలుకులు తేలతాయి.

మీడియం ఇప్పుడే వద్దు. ఫ్లోటింగ్ మీడియం నీటికి బదులుగా జారుడు ఇవ్వడానికి. రంగు నిండిన బ్రష్ కొసని మాత్రం అందులో ఆనించి, పట్టీ మీద రెండు లాగులు లాగి, అప్పుడు గీయాలి. అదీ గీత తెగుతున్నప్పుడే, మూడు నాలుగు గీతలకోసారి. ప్రతి గీతకీ వాడితే రేకు గాజులా పారదర్శకమైపోయి కింద రంగు కనిపిస్తుంది.

పాతకుంచె
చీలికకి నీరు ఒక కారణం. ఇంకోటి ఫెర్రూల్‌లో గడ్డకట్టిన రంగు. చూసుకోవడం తేలిక. బ్రష్ తడిపి, వేళ్ల మధ్య పిండి, అంచు వైపు నుంచి చూడండి. సన్నని ఒకే గీతలా మూసుకుంటే బ్రష్ బాగుంది. చేప నోరు తెరిచినట్టు మధ్యలో ఖాళీ ఉంటే లోపల రంగు ఉంది. వెంట్రుకల మొదట్లో గోరుతో నొక్కి చూడండి, గట్టిగా తగిలితే అనుమానమే అక్కర్లేదు.

తీగమల్లి
నీళ్ల సంగతి సరిగ్గా అదే. కడగకుండా వేస్తే ఆరు రేకుల దాకా గీత నిలిచింది. పాతకుంచె గారూ, అంచు మూసుకుంటోంది కానీ ఒక మూల బయటికి పొడుచుకొస్తోంది, అక్కడే మొదట్లో గట్టిగా ఉంది. గోళ్ల రంగు తీసే ద్రావకంలో నానబెట్టొచ్చా?

పాతకుంచె
వద్దండీ. అందులో ఎక్కువగా ఎసిటోన్ ఉంటుంది. పిడి మీది లక్కపూత కరిగిపోతుంది, ఫెర్రూల్‌లో వెంట్రుకల్ని పట్టి ఉంచే జిగురుకీ మంచిది కాదు. 70 శాతం లేదా అంతకు పైన ఉన్న ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తీసుకోండి. చిన్న మూతలో వెంట్రుకలు మునిగేంత పోసి, పిడికి తగలకుండా బ్రష్‌ని పట్టుకుని ఐదు పది నిమిషాలు ఉంచండి. అడుగున ఆనించి వదిలేస్తే అంచు వంకర తిరుగుతుంది, పిడికి క్లిప్ పెట్టి గిన్నె అంచు మీద వేలాడదీయండి. మెత్తబడ్డాక పాత టూత్‌బ్రష్‌తో ఫెర్రూల్ వైపు నుంచి కొసల వైపుకే దువ్వండి, ఎదురు దువ్వొద్దు. తర్వాత సబ్బు. రెండు మూడు విడతలు పడుతుంది. కిటికీ తెరిచి ఉంచండి, దగ్గర్లో మంట ఉండకూడదు.

ఇది సింథటిక్ వెంట్రుకలకి మాత్రమే. సేబుల్ లాంటి సహజమైన వెంట్రుకల్లోని నూనెదనాన్ని ఆల్కహాల్ లాగేస్తుంది, పెళుసుబారి విరుగుతాయి.

మూల వంకర మిగిలితే: కాగిన నీళ్లలో వెంట్రుకల్ని కొన్ని సెకన్లు ముంచి, వెంటనే వేళ్లతో తిన్నగా ఒత్తి ఆరనివ్వండి. నైలాన్ వేడికి మళ్లీ రూపు తీసుకుంటుంది. రంగు పూర్తిగా పోయాకే ఇది చేయాలి, వేడికి లోపల మిగిలిన అక్రిలిక్ ఇంకా బిగుస్తుంది.

వర్ణిక
ఇక్కడ నేను ఒప్పుకోను. ఫెర్రూల్‌లో గట్టిపడిన ఫ్లాట్ బ్రష్‌కి మళ్లీ కత్తి అంచు రావడం కల్ల. మెత్తబడుతుంది, శుభ్రంగా కనిపిస్తుంది, కానీ గీత కొస దగ్గర ఆ మూల ఎప్పుడూ మొరాయిస్తుంది. డబుల్ లోడింగ్‌కి కొత్తది తీసుకుని, దీన్ని నేపథ్యం పూతలకి వాడుకోండి. లేదా వెంట్రుకలు పొట్టిగా కత్తిరించి అద్దకం బ్రష్ చేసుకోండి. పొడిగా రెండు రంగులు తీసుకుని టక్కు టక్కున అద్దితే లైలాక్ గుత్తులూ నాచూ వస్తాయి, దానికి అంచు బాగున్న బ్రష్ పనికే రాదు.

పాతకుంచె
మూల ఒక్కటే గట్టిపడితే ప్రయత్నించడంలో నష్టం లేదు, మొత్తం గట్టిపడితే మీరన్నదే నిజం. వారానికోసారి ఆల్కహాల్‌లో ముంచి రోజూ సబ్బు ఎగ్గొట్టే అలవాటు మాత్రం ఎవరికీ వద్దు.

రోజూ చేయాల్సింది ఇదీ వరస. ముందు టిష్యూ మీద రంగంతా పిండేయండి, తుడిస్తేనే సగం పని అయిపోతుంది. అప్పుడు చల్లని లేదా గోరువెచ్చని నీళ్లలో జాడించండి. అరచేతిలో మామూలు సబ్బు రాసుకుని బ్రష్‌ని ముందుకీ వెనక్కీ లాగుతూ, ఫెర్రూల్ దగ్గర వేళ్లతో పిసకండి. నురగ తెల్లగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ. ముదురు ఎరుపు, థాలో నీలం, థాలో ఆకుపచ్చ చాలాసేపు రంగు వదులుతూనే ఉంటాయి. వెంట్రుకలకి మరకలా పట్టిన రంగుతో ప్రమాదం లేదు, నురగలోకి వచ్చే రంగుతోనే. చివర్లో కాస్త సబ్బు వెంట్రుకల్లోనే ఉంచి అంచు సవరించి ఆరబెట్టండి, మర్నాడు వాడేముందు జాడిస్తే పోతుంది.

ఆరబెట్టేటప్పుడు నిలబెట్టొద్దు. తడి బ్రష్‌ని కుచ్చు పైకి ఉండేలా నిలబెడితే నీరు, మిగిలిన రంగు ఫెర్రూల్‌లోకి దిగుతాయి. లోపలి చెక్క ఉబ్బుతుంది, పిడి మీద పూత పగిలి పొలుసులుగా లేస్తుంది, కొన్నాళ్లకి ఫెర్రూల్ వదులై ఊగుతుంది. బల్ల అంచున, కుచ్చు గాల్లో ఉండేలా పడుకోబెట్టడమే మేలు. ఆరాక నిలబెట్టుకోవచ్చు.

రసాయనం
అక్రిలిక్ విషయంలో ఇంత జాగ్రత్త ఎందుకంటే, అది నీళ్లతో పలచబడుతుంది కానీ ఆరాక నీళ్లకి కరగదు. సీసాలో ఉన్నప్పుడు పాలిమర్ కణాలు నీటిలో తేలుతుంటాయి. నీరు ఆవిరైపోగానే కణాలు ఒకదానికొకటి ఆని, అతుక్కుని ప్లాస్టిక్ పొర అవుతాయి. మళ్లీ నీళ్లు పోసినా విడిపోవు. గవాష్ (చిక్కటి నీటిరంగు), మామూలు నీటిరంగుల్లో బంధం గమ్ అరబిక్ అనే చెట్టు జిగురుది, అందుకే అవి ఎన్నాళ్లకైనా తడి తగిలితే కరుగుతాయి.

దీనివల్ల ఇంకో రెండు సంగతులు. తడిగా ఉన్నప్పుడు ఆ ఎమల్షన్ పాలలా తెల్లగా ఉంటుంది, ఆరితే పారదర్శకమవుతుంది. అందుకే అక్రిలిక్ ఆరాక ఒక మెట్టు ముదురుతుంది. రేకు నీడ రంగు ప్యాలెట్ మీద చూసి తూచకండి, ఒక చుక్క ఆరనిచ్చి చూడండి. రెండోది, సుమారు 10 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లని గదిలో కణాలు సరిగా అతుక్కోవు. ఆరినట్టే ఉంటుంది, పొర మాత్రం బలహీనం, తర్వాత పగుళ్లు, పొడి రాలడం.

ఆరడం ఆలస్యం చేయడానికి రిటార్డర్ కలిపేవారు మొత్తం రంగులో 15 శాతం దాటనివ్వకండి. దాటితే రోజులు గడిచినా జిగటగానే ఉండిపోతుంది, దాని మీద రెండో గీత వేస్తే కింద పొర లేచి వస్తుంది.

చిన్నమొగ్గ
మధ్యలో వస్తున్నందుకు మన్నించాలి. నాకు రేకులు ఫరవాలేదు, తీగ చుట్టలే తెగిపోతున్నాయి. సన్నని గీతలకి వాడే లైనర్ బ్రష్, 1 నంబరు. మొదట్లో బొట్టు పడుతుంది, ఆ తర్వాత గీత ఎండిపోయి తెగుతుంది.

అంచుగీత
రంగు చిక్కగా ఉంది, బ్రష్ పై సగమే నిండింది. లైనర్‌కి రంగు సిరా అంత పలచగా ఉండాలి. కొన్ని చుక్కల నీరు కుప్ప పక్కన వేసి, అంచు నుంచి రంగు లాగి అందులో కలపండి, మొత్తం కుప్పలో నీళ్లు పోయకండి. బ్రష్‌ని పడుకోబెట్టి ఫెర్రూల్ దగ్గరి దాకా నింపండి. లైనర్‌ విషయంలో ఇది తప్పు కాదు, పని అవగానే కడగాలి, అంతే. బయటికి తీసేటప్పుడు ప్యాలెట్ మీద వేళ్లతో బొంగరంలా తిప్పుతూ లాగితే కొస సూదిలా అవుతుంది, మొదట్లో పడే బొట్టూ అక్కడే పోతుంది.

గీసేటప్పుడు పిడిని కాగితానికి నిటారుగా పట్టుకోండి. చిటికెన వేలు బల్ల మీద ఆనించి, చేయి మొత్తం భుజం నుంచి కదలాలి. వేళ్లతో గీస్తే చుట్ట కోణాలుగా విరుగుతుంది.

చిన్నమొగ్గ
తిప్పుతూ లాగడం పనిచేసింది.

ఆకుపచ్చతీగ
గులాబీ వరస గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి.

ముందు తీగలు, తర్వాత పెద్ద ఆకులు, ఆపైన పువ్వులు, చివర చిన్న ఆకులూ చుట్టలూ. తీగకి బ్రష్ కత్తి అంచు మీద నిలబడాలి, లేత రంగు మూల ముందు నడవాలి. నొక్కితే తీగ పట్టీ అయిపోతుంది.

గులాబీకి బయటి వరస అయిదారు రేకులు. తెల్ల మూల ఎప్పుడూ బయటికి, ఎరుపు మూల పువ్వు నడిమి బిందువు మీద ఇరుసులా ఉంటుంది. ఇరుసు కదలకుండా తెల్ల మూలని చిన్నగా పైకీ కిందికీ ఊపుతూ అర్ధవలయం తిప్పండి. ఎరుపు మూల జారితే నడిమి మాయమై పువ్వు పళ్ళెంలా చదునుగా ఉంటుంది. రెండో వరస కాస్త లోపల, రేకులు మొదటి వరస సందుల్లో పడేలా. దాని నడుమ మొగ్గ: వెనక రేకు తలకిందుల గిన్నె ఆకారం, ముందు రేకు మామూలు గిన్నె ఆకారం, రెండూ ఒకే రెండు బిందువుల దగ్గర మొదలై ముగుస్తాయి. చివరికి మొగ్గ రెండు పక్కల నుంచీ కత్తి అంచుతో సన్నని రేకులు కిందికి జార్చాలి. ఈ నాలుగైదు గీతలే పువ్వుని పువ్వులా చూపిస్తాయి, వీటి దగ్గర తొందరపడితే అంతకుముందు పడ్డ శ్రమ అంతా వృథా.

ఆకుకి: అంచు పెట్టు, నొక్కు, వెంట్రుకలు విచ్చుకున్నాక తిప్పు, తిప్పుతూనే మెల్లగా ఎత్తు, కొస దగ్గర మళ్లీ కత్తి అంచు మీద నిలబడు. కొస మొండిగా వస్తోందంటే ఎత్తకుండా లాగుతున్నారు. కొస రెండుగా చీలుతోందంటే బ్రష్‌లో రంగు చాలడం లేదు.

నేపథ్యం పూర్తిగా ఆరాక దాని మీద ఒక పారదర్శక మీడియం పూత వేసుకుంటే, తప్పు గీతని తడి బ్రష్‌తో వెంటనే తుడిచేయొచ్చు. అది లేకుండా మ్యాట్ (మెరుపు లేని) నేపథ్యం మీద తుడిస్తే మరక మిగులుతుంది.

జాడీమూత
రంగుల నిల్వ గురించి నాకు తెలిసింది రాస్తాను.

సీసాలోకి నేరుగా బ్రష్ ముంచొద్దు, మిగిలిన రంగుని ప్యాలెట్ నుంచి తిరిగి పోయొద్దు, చిక్కబడిందని సీసాలో కుళాయి నీళ్లు కలపొద్దు. సీసాలో బూజు, బాక్టీరియా రాకుండా తయారీదారు కొలిచి వేసిన నిల్వ పదార్థం ఉంటుంది. మన నీళ్లు దాన్ని పలచన చేస్తాయి, సూక్ష్మజీవుల్ని కూడా తెస్తాయి. కొద్దిపాటి అమ్మోనియా వాసన మామూలే. కుళ్లిన వాసన వచ్చిందంటే పారేయడమే.

వాడేముందు సీసాని గట్టిగా ఊపితే గాలిబుడగలు చేరి రేకు మీద చిన్న గుంటలు పడతాయి. తలకిందులుగా కాసేపు ఉంచి, అరచేతుల మధ్య దొర్లించండి. మూత బిగించే ముందు మరలు తుడవండి. అక్కడ ఆరిన రంగే మూతని సరిగా పట్టనివ్వదు, పలుకులుగా రాలి ప్యాలెట్‌లోకీ వస్తుంది. గడ్డకట్టే చలి తగిలిన అక్రిలిక్ పలుకులు పలుకులుగా విరిగిపోతే ఇక కలవదు. ఎండ తగిలే కిటికీ కూడా అంతే చెడ్డది.

తడి ప్యాలెట్ అంటే మూతపెట్టే డబ్బాలో తడి స్పాంజి, దాని మీద బేకింగ్ పార్చ్‌మెంట్ కాగితం. మైనపు కాగితం పెడితే నీరు పైకి రాదు. కాగితం అంచుల్లో నీరు నిలవకూడదు, లేకపోతే రంగులు పారి కలుస్తాయి. స్పాంజిని తరచూ వేడి నీళ్లలో ఉతకండి, బూజు పుట్టేది అక్కడే.

వర్ణిక
తడి ప్యాలెట్ లైనర్ పనికి భేష్. డబుల్ లోడింగ్‌కి మాత్రం పొడి ప్యాలెట్టే, తడి కాగితం మీద పట్టీ లాగితే అంచుగీత గారు మొదట చెప్పిన నీళ్ల సమస్య మళ్లీ మొదటికొస్తుంది.

ఒక మాట రంగుల ఎంపిక మీద. రేకులకి పీవీ19 క్వినాక్రిడోన్ రోజ్ దొరికితే తీసుకోండి, తెలుపుతో కలిసినా శుభ్రంగా ఉంటుంది, వెలుతురుకి నిలుస్తుంది. పీఆర్83 అలిజరిన్ క్రిమ్సన్ వెలుతురుకి వెలిసిపోతుంది, తెలుపుతో పలచన చేస్తే ఇంకా త్వరగా. ఫ్లోరసెంట్ గులాబీ రంగులు అంతకంటే అన్యాయం. సీసా వెనక పిగ్మెంట్ కోడ్ చదవండి, ముందు వైపు పేరు ఎవరిష్టం వాళ్లది.

గాజుపువ్వు
ఇవే పువ్వులు గాజు గ్లాసుల మీద వేయాలంటే?

జాడీమూత
మామూలు అక్రిలిక్ గాజు మీద గోరుకే ఊడొస్తుంది. గాజు, పింగాణీ కోసం తయారైన ఎనామెల్ రకం కావాలి. ఆల్కహాల్‌తో తుడిచాక ఆ చోట వేలు పెట్టకండి, వేలిముద్ర నూనెకే రంగు చిట్లుతుంది. నీళ్లతో పలచన చేయొద్దు. పెదవి తగిలే అంచుకి కనీసం 2 సెంటీమీటర్లు కిందే ఆపండి, తినే తాగే వైపు అసలు వేయొద్దు.

కాల్చడం రకాన్ని బట్టి మారుతుంది. పెబియో పోర్సిలేన్ 150 అనే రంగుకి 24 గంటలు ఆరనిచ్చి, 150 డిగ్రీల సెల్సియస్ దగ్గర 35 నిమిషాలు. గాజుని చల్లని ఓవెన్‌లో పెట్టి, తర్వాతే వెలిగించండి. ఆ వేడికి చేరిన క్షణం నుంచి లెక్క. అయ్యాక ఓవెన్‌లోనే చల్లారాలి, వేడిగా బయటికి తీస్తే గాజు పగులుతుంది.

నూనెగుడ్డ
నూనె రంగులతో పూలు వేసేవారికి రెండు మాటలు. రష్యాలోని జోస్తోవో లోహపు పళ్ళేల మీద నల్లని నేల, పూలన్నీ నూనె రంగులే. నెమ్మదిగా ఆరుతుంది కాబట్టి నీడ, వెలుగు తడి మీద తడిగా కలపొచ్చు. ఉక్రెయిన్ పెట్రికివ్కా చిత్రకారులు డబుల్ లోడింగ్‌కి చుట్టం లాంటి పనే సన్నని గుండ్రని బ్రష్‌తో చేస్తారు. కుచ్చంతా ఒక రంగు, కొసకి మాత్రం ఇంకో రంగు. నొక్కితే ఒకదాంట్లోంచి ఒకటి దిగుతుంది. ఆ బ్రష్ పిల్లి వెంట్రుకలతో చేసుకుంటారు. 2013లో ఆ కళ యునెస్కో జాబితాలో చేరింది.

శుభ్రం చేయడం: బ్రష్ తుడిచి, ఏదైనా వంటనూనెలో జాడించి, మళ్లీ తుడిచి, సబ్బుతో కడగండి. టర్పెంటైన్ అంతగా అవసరం పడదు. అసలు జాగ్రత్త గుడ్డల దగ్గర. అవిసె నూనె ఆరడమంటే గాలిలోని ఆక్సిజన్‌తో కలవడం, ఆ క్రమంలో వేడి పుడుతుంది. నూనె గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే వేడి బయటికి పోలేక దానంతటదే అంటుకుంటుంది. ఆరుబయట విడివిడిగా పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లు పోసిన, మూత ఉన్న లోహపు డబ్బాలో వేయండి.

తీగమల్లి
చివరి సందేహం, వార్నిష్. పళ్ళెం నేల ముదురు ఆకుపచ్చ. మ్యాట్ వార్నిష్ రెండు పూతలకే పాలపొర కమ్మినట్టుంది.

రసాయనం
మ్యాట్ వార్నిష్‌లో మెరుపు చంపడానికి వెలుతురుని చెదరగొట్టే సన్నని పొడి కలుపుతారు. పూత మీద పూత వేస్తే పొడి పేరుకుని ముదురు రంగుల మీద తెల్లగా కనిపిస్తుంది. కింది పూతలన్నీ గ్లాస్ (gloss, మెరిసే) రకం వేసి, ఆఖరిది ఒక్కటే మ్యాట్ వేయాలి. ఇప్పుడున్న దాని మీద ఒక పలచని గ్లాస్ పూత వేస్తే పాలపొర చాలావరకు తగ్గుతుంది, ముందు పళ్ళెం అడుగున చూసుకోండి.

పూలు వేశాక కనీసం ఒక రోజు, గీతలు దట్టంగా ఉంటే మూడు రోజులు ఆగి వార్నిష్ మొదలుపెట్టండి. లోపల తడి ఉండగా మూసేసినా పాలపొర వస్తుంది, అది గ్లాస్ పూతతో పోదు. గాలిలో తేమ బాగా ఉన్న రోజున వాయిదా వేయడమే.

పాతకుంచె
వార్నిష్‌కి వెడల్పాటి మెత్తని బ్రష్ ఒకటి విడిగా పెట్టుకోండి, దాన్ని రంగులో ఎప్పుడూ ముంచొద్దు. పూతకీ పూతకీ మధ్య కూడా కడగాల్సిందే. వార్నిష్ కూడా అక్రిలిక్కే, రంగు లేదు కాబట్టి ఫెర్రూల్‌లో ఎంత మిగిలిందో కంటికి కనిపించదు.